ఓడిన యేడు



తెలుగు పంతులు రేడియోలో మాటలాడుచున్నాడనగానే పెద్దలు ఏ పురాణ ఘట్టమునకో చెవియొగ్గి కూర్చుందురు. నేడు నేను చెప్పబోవునది పురాణము కాదు. ఒక ఆటల జట్టు కథ. అదియు గెలిచిన కథ కాదు. 2008వ సంవత్సరమున మన హైదరాబాదు నగరము పేరిట వెలసిన దక్కన్ ఛార్జర్స్ అను క్రికెట్టు జట్టు, ఎనిమిది జట్ల పోటీలో 14 ఆటలాడి, 2 గెలిచి, 12 ఓడి, కట్టకడపటి స్థానమున నిలిచినది. ఆ యేటి ముచ్చటయే నేటి నా ప్రసంగ విషయము.

గెలిచినవానిని గూర్చి చెప్పుటకు ఊరంతయు నుండును. ఓడినవానిని గూర్చి చెప్పుటకు ఇంటివారు సైతము వెనుకాడుదురు. అయినను ఆ ఓడిన యేట విచారింపదగిన సంగతులు, గెలిచిన యేటికన్న నెక్కువగా నున్నవని నా తలంపు.

మీ ఇండ్లలో మనుమలు వేసవి రాత్రులందు టెలివిజను ముందు కూర్చుండి కేకలు వేయుట మీరెఱుగనిది కాదు. ఆ కేకలకు కారణమైన పోటీయే ఇది. ఇండియన్ ప్రీమియర్ లీగ్ అని దీని పేరు. 2008 ఏప్రిల్ నెలలో మొదలైనది. పూర్వపు క్రికెట్టు ఐదు దినములు సాగెడిది. దీనిలో ఒక్కొక్క జట్టునకు 20 ఓవర్లు, అనగా 120 బంతులు మాత్రమే. సాయంకాలము మొదలుపెట్టిన ఆట భోజనముల వేళకు ముగియును. ఐదు దినముల ఆట హరికథ వంటిదైనచో, ఇది చెక్కభజన వంటిది. రెండింటికిని వాని వాని రుచి కలదు. కాని హరికథకుని తెచ్చి చెక్కభజనలో నిలిపినచో ఏమి జరుగునో ముందు చెప్పెదను.

అంతకు పూర్వము హైదరాబాదునకు జట్టు లేకపోలేదు. రంజీ ట్రోఫీ అను దేశవాళీ పోటీలో హైదరాబాదు జట్టు 1937–38లో నొకమాఱు, 1986–87లో నొకమాఱు గెలుపొందినది. ఆ జట్టులోనివారు ఇచ్చట పుట్టినవారో, ఇచ్చట పెరిగినవారో, ఉద్యోగ రీత్యా ఇచ్చట స్థిరపడినవారో అయి యుండెడివారు. గెలిచినను ఓడినను వారు మనవారే యనుటలో సందేహమునకు తావుండెడిది కాదు. 2008లో వచ్చిన జట్టు అట్టిది కాదు. అది కొనబడిన జట్టు.

ఈ కొనుగోలు రెండు విడతలుగా జరిగినది. ఆ సంవత్సరము జనవరి 24వ తేదీన జట్లను నడుపు హక్కులను విక్రయించిరి. హైదరాబాదు హక్కును దక్కన్ క్రానికల్ పత్రికవారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు గైకొనిరి. నాటి మారకమున మన రూపాయలలో అది 400 కోట్లకు పైమాట. ముంబయి, బెంగుళూరు జట్ల తరువాత అన్నింటిలో అధికమైన వెల మనదే. అన్నింటికంటె చౌకగా పోయినది జయపురము జట్టు. దాని వెల 6 కోట్ల 70 లక్షల డాలర్లు. ఈ రెండంకెలను జ్ఞాపకముంచుకొనుడు.

తరువాత ఫిబ్రవరి 20వ తేదీన ముంబయిలో ఆటగాండ్రకు వేలము జరిగినది. మనుష్యులను వేలము వేయుట యనగా నా వంటివానికి వారణాసి వీథిలో నిలుచున్న హరిశ్చంద్రుడే కన్నులకు గట్టును. అయితే ఇచ్చట అమ్ముడువోయినవారు దుఃఖించిన జాడ లేదు! ఆస్ట్రేలియా దేశస్థుడైన ఆండ్రూ సైమండ్స్‌ను మనవారు 13 లక్షల 50 వేల డాలర్లకు కొనిరి. ఆనాటి వేలములో ధోనీ తరువాత ఇంతటి వెల పలికినవాడు వేఱొకడు లేడు. ఆ దేశపువాడే యైన ఆడమ్ గిల్‌క్రిస్ట్, దక్షిణాఫ్రికావాడైన హెర్షెల్ గిబ్స్, పాకిస్థాన్‌వాడైన షాహిద్ అఫ్రీదీ, శ్రీలంక నుండి చమిండా వాస్, న్యూజిలాండు నుండి స్కాట్ స్టైరిస్. మన దేశపువారిలో ఆర్.పి. సింగ్, అప్పటికి ఇరువది యొకటవ యేడు నిండని రోహిత్ శర్మ. నాయకుడు మన హైదరాబాదు వాస్తవ్యుడైన వి.వి.యస్. లక్ష్మణ్.

ఈ లక్ష్మణ్‌ను గూర్చి నొక విషయము చెప్పి తీరవలెను. ఆ యేటి కథలో నాకు మిక్కిలి ముఖ్యముగ దోచునది ఇదియే. పోటీ నిర్వాహకులు కొందఱు ప్రసిద్ధులను వారి వారి నగరములకు విగ్రహములవలె నిలిపిరి. ముంబయికి సచిన్ తెందూల్కర్, కలకత్తాకు సౌరవ్ గంగూలీ, బెంగుళూరునకు రాహుల్ ద్రావిడ్, ఢిల్లీకి సెహ్వాగ్, పంజాబునకు యువరాజ్ సింగ్. వీరికి వేలము లేదు. జట్టులో అందఱికన్న నెక్కువ వెల పలికినవానికంటె నూటికి 15 వంతులు అధికముగా వీరికి ముట్టవలెనని నియమము. హైదరాబాదునకు ఆ గౌరవము లక్ష్మణునిది కావలసినది. అతడు దానిని వదలుకొనెను. కారణమేమన, ప్రతి జట్టును ఆటగాండ్రపై 50 లక్షల డాలర్లకు మించి వ్యయము చేయరాదు. అందులో నధిక భాగము తన కొక్కనికే పోయినచో తక్కిన వారిని కొనుట కేమి మిగులును? అందువలన అతడు సామాన్యునివలె లెక్కలోనికి వచ్చి, 3 లక్షల 75 వేల డాలర్లకు ఒప్పుకొనెను. సైమండ్స్‌నకు ముట్టిన దానిపై నూటికి పదునైదు లెక్కించి చూడుడు, వదలుకొన్నది ఎంతయో తెలియును. నేను లెక్కల మాస్టరును గాను. అయినను పండ్రెండు లక్షల డాలర్ల దగ్గర తేలినది.

తన వంతు తగ్గించుకొని పొత్తు నిలుపువాడు ఉమ్మడి కుటుంబములలో నుండెడివాడు. ఆటల వేలములో నట్టివాని నొకని చూచితిమి. ఆ త్యాగముతో తెచ్చిన జట్టే అందఱికంటె కడపట నిలిచినది!

ఇక ఆటల సంగతి. మొదటి ఆట ఏప్రిల్ 20వ తేదీన కలకత్తా ఈడెన్ తోటలో జరిగినది. ఆ తోట లక్ష్మణునకు క్రొత్తది కాదు. 2001 మార్చిలో ఆస్ట్రేలియాతో జరిగిన ఐదు దినముల ఆటలో, మన దేశము ఓటమి యంచున నిలిచియుండగా, అతడు అచ్చటనే 281 పరుగులు చేసెను. ద్రావిడ్‌తో గలిసి మార్చి 14వ తేదీ నాడు ఉదయము నుండి సాయంకాలము వఱకు వికెట్టు పడకుండ నిలిచెను. ఆ వ్యాఖ్యానమును మేము ఉపాధ్యాయుల గదిలో రేడియో చుట్టును మూగి వింటిమి. అప్పటికి వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా ఆ మఱునాడు ఓడినది. అట్టి తోటలో 2008లో మన జట్టు 110 పరుగులకే ఆలౌటైనది. నేల సరిగా లేదని, దీపములు ఆరిపోయినవని వార్తలు వచ్చినవి. నిజమే కావచ్చును; ఆ నేలయు, ఆ దీపములును రెండు జట్లకును సమానమే గదా.

రెండవ ఆట మన ఉప్పల్ మైదానమున ఢిల్లీతో. సెహ్వాగ్ ఒక్కడే 94 పరుగులు కొట్టి, మనవారికి ఒక్క వికెట్టు మాత్రమే దక్కగా ఆట ముగించెను.

మూడవది ఏప్రిల్ 24వ తేదీన, ఉప్పల్‌లోనే, జయపురము జట్టుతో. దీనిని కొంచెము నిదానించి చెప్పవలసియున్నది. సైమండ్స్ ఆనాడు 53 బంతులలో 117 పరుగులు చేసెను. జట్టు 214 పరుగులు చేసినది. ఆ రోజులలో 20 ఓవర్లకు 214 అనగా కోట కట్టినట్లే. కాని ఎదుటివారు కోట గోడలు ఎక్కుచు వచ్చిరి. గ్రేమ్ స్మిత్, యూసుఫ్ పఠాన్ చెలరేగిరి. కడపటి ఓవరు వేయుటకు బంతి సైమండ్స్ చేతికే వచ్చినది. ఎదుట నున్నవాడు జయపుర నాయకుడు షేన్ వార్న్. ఇతడు బంతి త్రిప్పుటలో జగత్ప్రసిద్ధుడు. బ్యాటుతో ఘనుడని ఎవ్వరును అనరు. అట్టివాడు బౌండరీలు, సిక్సర్లు బాది ఒక్క బంతి మిగిలియుండగా ఆట నెగ్గించెను. ఏడేండ్ల క్రిందట ఈడెన్ తోటలో లక్ష్మణుని చేత చిక్కి బంతి వేసి వేసి అలసినవారిలో ఈ వార్న్ ఒకడు. కాలము లెక్క సరిచూచుకొన్నట్లు నాకు తోచినది. నూటపదునేడు పరుగులు చేసినవాని చేతినుండియే ఓటమి జారినది. వార్న్, సైమండ్స్ ఇద్దఱును 2022లో, రెండున్నర మాసముల వ్యవధిలో, అర్ధాయుష్కులై గతించిరి. ఆ రాత్రి తలపునకు వచ్చినపుడు గెలుపోటములు నాకు వెనుకకు పోవును. ఇద్దఱును కన్నులయెదుట నిలుతురు.

ఏప్రిల్ 27వ తేదీన ముంబయివారితో వారి యింటనే ఆడిరి. వారు చేసిన 154 పరుగులను మనవారు ఒక్క వికెట్టైనను పోకుండ 12 ఓవర్లలో దాటిరి. గిల్‌క్రిస్ట్ 47 బంతులలో 109. ఇదియే మొదటి గెలుపు. రెండవది మే 6వ తేదీన చెన్నైలో. అంతే. తక్కినవన్నియు ఓటములు. బెంగుళూరులో 3 పరుగుల తేడాతో, ఢిల్లీలో 12 పరుగుల తేడాతో ఓడిరి. వానిని చేతికి వచ్చి జారినవని చెప్పుకొనవచ్చును. కాని మొహాలీలో, జయపురములో నట్లు చెప్పుకొనుటకును వీలు లేదు.

గెలిచిన రెండును పరాయి యూళ్ళలోనివని మీరు గమనించియుందురు. ఉప్పల్ మైదానమున ఆడిన 7 ఆటలలోను మన జట్టు ఓడినది. ఢిల్లీ, జయపురము, పంజాబు, కలకత్తా, ముంబయి, బెంగుళూరు, చెన్నై, ఏడును ఏడు. ఎవ్వరు వచ్చినను గెలిచి పోయిరి. వచ్చిన అతిథిని ఉత్తచేతులతో పంపని మర్యాద మనది గదా యని మా వీథిలోని వృద్ధు డొకడు పరిహసించెను. నవ్వితిమి గాని, నవ్వులో నొక ముల్లుండెను.

ఇంతమంది వీరులుండి ఎందులకు ఓడిరి? పత్రికలవారు పలు కారణములు వ్రాసిరి. నాకు ముఖ్యముగా గనబడునవి రెండు.

మొదటిది: విదేశీయులను ఎందఱినైనను కొనవచ్చును గాని, ఒక ఆటలో నలుగురికి మించి దింపరాదని నియమము. మనవారు గొప్ప పేరుగల విదేశీయులను ఆఱుగురిని, ఏడుగురిని కొనిరి. అందులో నలుగురు ఆడుదురు, తక్కినవారు గొడుగు క్రింద కూర్చుందురు. పైగా సైమండ్స్ వంటివారు తమ దేశపు పిలుపు రాగానే నడుమ వెడలిపోవలసినవారు. పెండ్లికి పది బిందెలు తెచ్చి, పొయ్యి మీదికి గుండిగ మఱచినట్లు, కొట్టువారిని సమకూర్చిరి గాని బంతి వేసి నిలుపువారిని చాలినంతగా సమకూర్చలేదు. 214 పరుగులు చేసియు ఓడుట అందులకు తార్కాణము. నమ్మకముగా బంతి వేసినవారిలో ఆర్.పి. సింగ్‌ను మొదట చెప్పుకొనవలెను.

రెండవది పొత్తు. కర్ణునకు శల్యుడు సారథ్యము వహించిన ఘట్టము మీ కందఱకును కంఠస్థమే. కర్ణుని విలువిద్య తక్కువది కాదు, శల్యుని అశ్వవిద్య తక్కువది కాదు. ఇద్దఱును ఒక రథము మీదనే యున్నను, మనస్సులు రెండు త్రోవలు. దక్కన్ జట్టులో నట్టి కలహ మున్నదని నేననుట లేదు. అట్లనుటకు నాయొద్ద ఆధారము లేదు. కాని ఫిబ్రవరిలో వేలమున కొని, ఏప్రిల్‌లో ఒక చోట జేర్చి, మఱునాడే యుద్ధమునకు పంపిన పదునొకండుగురికి ఒకరి పలుకుబడి యొకరికి తెలియుట కెంత కాలము పట్టును? చెడుగుడులో కూత పట్టిన పిల్లవాడు గీత దాటగానే వెనుకవాని కాలు ఎచ్చట నున్నదో చూడకయే తెలిసికొనును. అది చెఱువు గట్టున నాలుగేండ్లు కలిసి ఆడిన తెలివి. ఏ వేలములోను ఆ తెలివి అమ్ముడుపోదు.

చెడుగుడు తలచుకొన్నాను గనుక నొక చిన్న మాట. మన యాటలో చచ్చినవాడు తన జట్టువాడు ఎదుటివాని నొకని చంపగానే లేచి లోనికి వచ్చును. క్రికెట్టులో అవుటైనవాడు ఆనాటికి మఱల బ్యాటు పట్టడు. మన పూర్వులు చేసిన యేర్పాటు దయగలది.

ఇక నింద. ఓటమి కలిగినచోట నింద మోయుట కొక భుజము కావలెను. ఆ యేడు ఆ భుజము లక్ష్మణునిది. ఐదు దినముల ఆటలో మేటి గాని, ఈ తొందర యాటకు తగడని అనేకులనిరి. చెక్కభజనలో హరికథకుడని నేను మొదట నన్నది ఇతనిని గూర్చియే. ఆ మాటలో కొంత నిజ మున్నది. కాని నింద వేయుటకు ముందు లెక్క చూడవలదా? మొదటి ఆఱు ఆటలకు లక్ష్మణ్ నాయకుడు. అందులో గెలుపు 1. చేతికి గాయమై అతడు తప్పుకొనగా, తక్కిన ఎనిమిదింటికి గిల్‌క్రిస్ట్ నాయకుడు; అందులోను గెలుపు 1. నాయకుడు మాఱెను గాని ఫలము మాఱలేదు. మరి యొక్కని తలపై నెట్లు పెట్టుదుము? ఆస్ట్రేలియావానికి ఏడు ఓటములు క్షమించి, హైదరాబాదువానికి ఐదు క్షమింపకపోవుటలో న్యాయమెక్కడిది? మనవాడైనందున ఎక్కువ నిందించితిమి. తన వాటా తగ్గించుకొనినవాని యెడల ఇది మఱింత కఠినము.

అటు మొదట చెప్పిన రెండంకెలు. జూన్ 1వ తేదీన జరిగిన తుది ఆటలో కప్పు గెలిచినది ఎవరు? అందఱికంటె చౌకగా పోయిన జయపురము. ఆ గెలిచిన జట్టులో యూసుఫ్ పఠాన్ వంటి, అప్పటి కంతగా పేరు లేని యువకులుండిరి. వారిని నడిపిన వార్న్ ఆటగాడును తానే, శిక్షకుడును తానే. ధనము పనికిరాదని నేననను. ధనమే చాలునన్నవారికి ఆ జాబితాలోని మొదటి పేరును, చివరి పేరును చూపిన చాలును.

ఈ కథ చెప్పుటకు నాకు వేఱొక కారణము కలదు. మన నెల్లికుదురు పరిసరములందు, ఇటు తొఱ్ఱూరు మొదలు అటు మహబూబాబాదు వఱకు, పండుగలకు ఊరూర కబడ్డీ, క్రికెట్టు పోటీలు జరుగును. పెద్దలు చందాలిత్తురు. బనియన్లు కుట్టింతురు. నేను ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో ఒక యూర, ఊరు పేరు చెప్పను, పిల్లలు మొదటి యేడు పోటీకి పోయి వరుసగా ఓడి వచ్చిరి. బనియన్లు కుట్టించిన పెద్దమనిషి కోపించి, ఊరి పరువు తీసిరని, ఆ బనియన్లను వారి వంటి మీదినుండి విప్పించి తీసికొనెను. పిల్లలు వట్టి మేనులతో ఇండ్లకు పోయిరి. అందులో ఇరువురు నా విద్యార్థులు. ఆ యేటితో ఆ జట్టు చెదరిపోయెను. కొందఱు పనులకై పట్టణము చేరిరి. రెండవ యేడు ఆడియుండినచో గెలిచెడివారో, మఱల ఓడెడివారో ఎవ్వరికిని తెలియదు. తెలిసికొను త్రోవ లేకుండ పోయినది.

దక్కన్ జట్టునకు ఆ రెండవ యేడు దొరకినది. యజమానులు శిక్షకుని మార్చి డారెన్ లీమన్‌ను తెచ్చిరి. గిల్‌క్రిస్ట్‌ను నాయకునిగ నుంచిరి. కాని ఆటగాండ్రలో ముఖ్యులు మాఱలేదు. అదే గిబ్స్, అదే సైమండ్స్, అదే రోహిత్, అదే ఆర్.పి. సింగ్, అదే ఓఝా. లక్ష్మణ్ కూడ జట్టులో నుండెను, నాయకుడుగా గాక. 2009లో దేశమున సాధారణ ఎన్నికలు వచ్చినందున పోటీ యంతయు దక్షిణాఫ్రికాకు తరలినది. అచ్చట మనవారు మొదటి నాలుగు ఆటలను వరుసగా గెలిచిరి. మే 16వ తేదీన కలకత్తాతో ఆడినపుడు కడపటి ఓవరులో 21 పరుగులు కావలసి వచ్చినవి. ఉప్పల్‌లో వార్న్ చేసిన పనిని ఇప్పుడు రోహిత్ చేసెను. చివరి బంతిని మైదానము వెలుపలికి పంపెను. చివరకు 14 ఆటలలో ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగవ స్థానమున సెమీఫైనలు చేరిరి. అచ్చట ఢిల్లీపై గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేసెను. మే 24వ తేదీన జోహన్నెస్‌బర్గులో బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గైకొనిరి. ఆ పోటీలో అందఱికంటె నెక్కువ, 23 వికెట్లు తీసినవాడు ఆర్.పి. సింగ్. కడపటనున్న జట్టు ఒక్క సంవత్సరములో మొదటికి వచ్చినది.

కథ ఇచ్చట ముగిసినదని అనేకులు తలతురు. నాకు ముగియలేదు. గెలుపు జరిగినది ఎచ్చట? సముద్రముల కవతల. ఏడు ఓటములను ఉప్పల్‌లో కూర్చుండి చూచిన జనులకు దక్కిన గెలుపేది? ఆ యేటి అక్టోబరులో ఛాంపియన్స్ లీగ్ పేరిట మఱొక పోటీ జరిగినపుడు విజేతలై తిరిగివచ్చి హైదరాబాదులో రెండు ఆటలాడిరి. ఇంగ్లండునుండి వచ్చిన సోమర్సెట్ చేతిలో నొకటి, ట్రినిడాడ్ చేతిలో నొకటి ఓడిరి. 2010లో, మన తెలంగాణ రాష్ట్రోద్యమము ఉద్ధృతముగా నున్నందున, ఆటలను హైదరాబాదులో జరుపక నాగపూరునకు, కటకమునకు, నవీ ముంబయికి తరలించిరి. ఆ విధముగ మన జట్టు మన యూరికి ఒక యేడంతయు రానేలేదు. 2011 ఏప్రిల్ 9వ తేదీన మఱల వచ్చి జయపురముతో ఆడి ఓడిరి. లెక్కించితిని: ఇంట ఓటమి అప్పటికి పది.

జట్టు మనదా కాదా యని పండితులు వాదించుకొనవచ్చును. పేరు మనది, ధనము ఒకరిది, ఆటగాండ్రు పదిదేశములవారు. ఓటమిని టిక్కెట్టు కొని చూచి, చివరి బంతి వఱకు కూర్చుండి, చీకటిలో బస్సు పట్టి ఇంటికి పోయి, మఱల ఆటనాడు వచ్చినవారున్నారే, వారికి మాత్రము ఆ జట్టు మనదనుట చెల్లును. గెలిచిన యేడు కప్పును ఊరేగించుట కందఱును అర్హులే. ఓడిన యేటికి వారసులు వీరే.

2012లో ఆ జట్టు ధనపు చిక్కులలో బడినది. సెప్టెంబరులో క్రికెట్టు బోర్డువారు దాని హక్కును రద్దు చేసిరి. 2013 నుండి సన్‌రైజర్స్ అను వేఱు జట్టు, వేఱు యజమానులతో, హైదరాబాదు పేరు ధరించినది. అది 2016లో కప్పు గెలిచినది. దక్కన్ ఛార్జర్స్ అను పేరు నేటి పిల్లలలో చాలమందికి తెలియదు. ఐదేండ్లు జీవించిన జట్టు అది.

ఇంట మొదటి గెలుపు ఎప్పుడు వచ్చినదో చెప్పలేదు గదా. 2011 ఏప్రిల్ 14వ తేదీన, ఉప్పల్‌లో, బెంగుళూరు మీద, 33 పరుగుల తేడాతో. అప్పటి నాయకుడు శ్రీలంకవాడైన కుమార సంగక్కర. ఆ సంవత్సరము క్రొత్తగా వేలము జరిగినందున పాతవారు చెల్లాచెదరై యుండిరి. ఆ రాత్రి గిల్‌క్రిస్ట్ పంజాబు జట్టువాడు. రోహిత్, సైమండ్స్ ముంబయివారు. ఆర్.పి. సింగ్, లక్ష్మణ్ కొచ్చి జట్టువారు. 2008లో ఏడు పూటలు తలవంచుకొని పోయినవారిలో ఓఝా వంటి యొకరిద్దఱు తప్ప, ఆ గెలుపు చూచుటకు మైదానమున ఎవ్వరును లేరు. మెట్లమీద కూర్చున్నవారు మాత్రము పాతవారే.